ముల్లు గుచ్చుకుంటే ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆదివారం సాయంత్రం. బంతి కోసం మీ అబ్బాయి పెరటి కంచె దాటి వెళ్ళాడు. తుమ్మముల్లు కాల్లో దిగింది. కుంటుకుంటూ వచ్చాడు. ముల్లు తీసేశారు. ఏడుపు మానాడు. అందరూ ఆ సంగతి మరిచిపోయారు. మర్నాడు పొద్దున చూస్తే పాదం ఎర్రబడింది. వాచింది. చెయ్యి వేస్తే వేడిగా తగులుతోంది. ముట్టుకుంటే చాలు, "అమ్మా!" అని అరుస్తున్నాడు. ఇంటిల్లిపాదికీ ఒకటే కంగారు.

ఆ సాయంత్రమే, వాణ్ణి వెతుక్కుంటూ చెప్పుల్లేకుండా కంచె దగ్గరికి వెళ్ళిన తాతగారి కాల్లోనూ అలాంటి ముల్లే దిగింది. ఆయనకు పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి. "మామయ్యగారూ, మీ కాలెలా ఉంది?" అని కోడలు అడిగితే, "నాకేం లేదమ్మా, నొప్పే లేదు. ముందు పిల్లాణ్ణి డాక్టరుకు చూపించండి" అన్నారు. నిజమే, ఆయన పాదం పెద్దగా ఎర్రబడలేదు, పెద్దగా వాచలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. ఈ ఇద్దరిలో ఎవరి కాలు చూసి ఎక్కువ భయపడాలి?

పిల్లవాడి కాలు అనే కదూ మీ జవాబు? అక్కడే పొరపాటు పడుతున్నారు! ఎందుకో తెలియాలంటే, ముల్లు దిగిన క్షణం నుంచి ఒంట్లో ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోవాలి. ఇది వైద్య విద్యార్థులు మొదట్లోనే చదువుకునే పాఠం. కాని ఇల్లు నడిపే ప్రతివారికీ తెలియవలసిన పాఠం కూడా.

ముందు గోడ సంగతి

మన చుట్టూ కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోటానుకోట్లు. నేలమీద, గాలిలో, చేతిలో ఉన్న రూపాయి నోటు మీద, ఆఖరికి మన చర్మం మీద కూడా ఉంటాయి. అయినా రోజూ జబ్బు పడకుండా తిరుగుతున్నామంటే కారణం మన ఒంటి చుట్టూ ఉన్న గోడ. అదే చర్మం. పెద్దవారి చర్మాన్నంతా పరిస్తే రెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. దానికి స్వల్పంగా ఆమ్లగుణం ఉంది. చాలా సూక్ష్మజీవులకు అది గిట్టదు.

చర్మం లేని చోట్ల వేరే ఏర్పాట్లున్నాయి. కడుపులో ఘాటైన ఆమ్లం ఉంది. శ్వాసనాళాల్లో సన్నని నూగులాంటి కేశాలు నిరంతరం ఊగుతూ, దుమ్మునూ క్రిములనూ కళ్ళెతో సహా పైకి నెట్టేస్తాయి. సిగరెట్టు పొగ ఈ కేశాలను పడుకోబెట్టేస్తుంది. పొగ తాగేవారికి పొద్దున్నే దగ్గూ కళ్ళే రావడానికి ఇదొక కారణం. కన్నీటిలో, లాలాజలంలో, చీమిడిలో లైసోజైమ్ అనే పదార్థం ఉంది. కొన్ని రకాల బాక్టీరియా గోడలను అది కరిగించేస్తుంది. దీన్ని కనిపెట్టింది ఎవరనుకున్నారు? తర్వాత పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే! 1922లో ఆ సంగతి ప్రకటించాడు.

ఇదంతా బయటి కోట. ముల్లు దిగిందంటే ఈ కోటకు కన్నం పడిందన్నమాట.

కన్నం పడగానే కబురు

ముల్లు ఒక్కటే రాదు. తన కొనమీద మట్టినీ బాక్టీరియానూ వెంటబెట్టుకుని వస్తుంది. లోపల వెచ్చదనం ఉంది, తేమ ఉంది, తిండి ఉంది. అన్నీ అనుకూలిస్తే కొన్ని బాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి ఒకటి రెండవుతాయి. ఆ లెక్కన వేసి చూడండి. ఎవరూ అడ్డుపడకపోతే ఒక్క క్రిమి ఎనిమిది గంటల్లో కోటిన్నర దాటిపోతుంది! అంచేత శరీరం నిమిషాల మీద కదలాలి.

కదులుతుంది కూడా. చర్మం కింద కొన్ని కణాలు ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటాయి. ముల్లు దిగగానే అవి హిస్టమిన్ మొదలైన రసాయనాలను వదులుతాయి. ఆ రసాయనాల వల్ల అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. నెత్తురు ఎక్కువగా వచ్చి చేరుతుంది. అందుకే ఎరుపు, అందుకే వేడి. రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. అందుకే వాపు. ప్రోస్టాగ్లాండిన్లవంటి మరికొన్ని పదార్థాలు నరాల కొసలను రెచ్చగొడతాయి. అందుకే నొప్పి. ఆ నొప్పివల్లే పిల్లవాడు కాలు కింద మోపడు. కాలికి విశ్రాంతి దొరుకుతుంది.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఈ నాలుగు లక్షణాలనూ సుమారు రెండువేల ఏళ్ళ క్రితమే రోము దేశపు సెల్సస్ తన వైద్యగ్రంథంలో రాసిపెట్టాడు. అయితే ఇవి జబ్బు చేసే పనులు కావు, జబ్బుతో శరీరం చేసే పోరాటం అని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సిసిలీలో గులాబీ ముళ్ళు

ఆ అర్థం కావడంలోనూ ఒక ముల్లు కథ ఉంది. 1882లో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో, మెస్సీనా అనే ఊళ్ళో ఉన్నాడు. ఒకనాడు ఇంట్లో వాళ్ళంతా సర్కసు చూడ్డానికి వెళ్ళారు. ఆయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని నక్షత్రచేప పిల్లలను చూస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి. వాటి ఒంట్లో కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. 'ఈ కణాలు ఒంటిని కాపాడేవి కావచ్చునా?' అని ఆయనకు అనుమానం వచ్చింది. వెంటనే తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల ఒంట్లో గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లవారి చూస్తే, ముళ్ళ చుట్టూ ఆ కణాలు గుమిగూడి ఉన్నాయి!

వాటికి 'తినే కణాలు' అనే అర్థం వచ్చేలా ఫాగోసైట్లు అని పేరు పెట్టారు. తెలుగులో భక్షక కణాలు అంటాం. ఈ రంగంలో చేసిన పనికి మెచ్నికోవ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ చేపపిల్లలో జరిగిందే మీ అబ్బాయి పాదంలోనూ జరుగుతోంది. నెత్తుట్లో తిరిగే తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే భక్షక కణాలు. మన ఎముకల్లోని మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. కబురు అందగానే ఇవి రక్తనాళం గోడకు అతుక్కుని, సందుల్లోంచి దూరి బయటికి వచ్చి, కొద్ది గంటల్లో ముల్లు దిగిన చోటికి చేరుకుంటాయి. క్రిములను పట్టి మింగుతాయి. ఆ పోరాటంలో అవీ చనిపోతాయి. వాటి వెనకే వచ్చే మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు మిగిలిన క్రిములనూ, చచ్చిన కణాలనూ ఊడ్చి శుభ్రం చేస్తాయి.

చీము అంటే చాలామందికి అసహ్యం. కాని చీము అంటే ఏమిటి? పోరాడి చచ్చిన తెల్లకణాలు, చచ్చిన క్రిములు, పాడైన కండ, ఊరిన నీరు. అంతే. మీ కోసం ప్రాణాలిచ్చిన వాళ్ళ గుట్ట అది!

గస్తీవాడు, డిటెక్టివు

"ఎవరు మనవాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో ఆ కణాలకు ఎలా తెలుస్తుంది?" అని మీకు సందేహం రావచ్చు. మంచి ప్రశ్న. దీనికి సరైన జవాబు 1990లలో గాని దొరకలేదు. బాక్టీరియా పైపొరల్లో మన ఒంట్లో ఎక్కడా లేని కొన్ని పదార్థాలుంటాయి. భక్షక కణాల మీద వాటిని పసిగట్టే గ్రాహకాలున్నాయి. 1996లో ఈగల మీద పరిశోధన చేసి జూల్స్ హాఫ్‌మన్, 1998లో ఎలుకల మీద పరిశోధన చేసి బ్రూస్ బాయిట్లర్ ఈ రహస్యం విప్పారు. వారికి 2011లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

రాత్రిపూట వీధిలో కర్ర పట్టుకుని తిరిగే గస్తీవాణ్ణి తలుచుకోండి. దొంగ పేరు, ఊరు అతనికి తెలియదు. వేషం అనుమానంగా ఉంటే చాలు, ఈల వేస్తాడు, కర్ర ఎత్తుతాడు. పుట్టుకతో వచ్చే సహజ రోగనిరోధక శక్తి ఇలాంటిది. క్షణాల్లో స్పందిస్తుంది. ఎవరు వచ్చినా ఒకే రకంగా ఎదుర్కొంటుంది.

మన ఒంట్లో డిటెక్టివులూ ఉన్నారు. వాళ్ళు ఫలానా దొంగ ముఖాన్నే గుర్తుపట్టి, వాడికి తగిన యాంటీబాడీలను తయారుచేయిస్తారు, ఫోటో ఫైల్లో దాచుకుంటారు. టీకాలు పనిచేసేది ఈ ఫైలు వల్లే. కాని కొత్త దొంగ వస్తే డిటెక్టివులకు కేసు పట్టుబడడానికి వారం రోజులైనా కావాలి. ఈ లోపల ఇల్లు కాచేది గస్తీవాడే!

దెబ్బ తగిలిన చోటి నుంచి దొంగ ఆనవాళ్ళను డిటెక్టివుల ఆఫీసుకు మోసుకెళ్ళే కణాలు కూడా ఉన్నాయి. ఆ ఆఫీసులు ఎక్కడో తెలుసా? కాలికి పుండైతే గజ్జల్లో, చేతికి పుండైతే చంకలో 'బిళ్ళలు కట్టాయి' అంటామే, అవే. బిళ్ళ వాచిందంటే ఆఫీసులో పని జోరుగా సాగుతోందన్నమాట.

పిల్లవాడి కాలికి ఏం చేయాలి?

గస్తీవాడికి సాయం చేయాలి. అతని కాళ్ళకు అడ్డం పడకూడదు.

ముల్లు పైకి కనిపిస్తుంటే, శుభ్రంగా కడిగి స్పిరిట్‌తో తుడిచిన పట్టుకారుతో తీయండి. విరిగి లోపల ఉండిపోతే సూదితో కెలక్కండి. డాక్టరు చేత తీయించండి. ముల్లు లోపల ఉన్నంతకాలం పోరాటం ఆగదు.

కుళాయి కింద సబ్బుతో బాగా కడగండి. గాయం దగ్గర ఇంతకు మించిన మొదటి మందు లేదు. తర్వాత శుభ్రమైన గుడ్డతో వదులుగా కట్టండి. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టించండి. గోరువెచ్చని నీటి కాపడం హాయిగా ఉంటుంది. నొప్పి మరీ ఎక్కువైతే, పిల్లవాడి బరువుకు తగిన మోతాదులో పారాసెటమాల్ ఇవ్వవచ్చు. డాక్టరు చెప్పకుండా పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

గాయం మీద కాఫీపొడి, సున్నం, బూడిద, పేడ పెట్టకండి. "మా అమ్మమ్మ కాలం నుంచీ పసుపు అద్దుతున్నామండీ" అంటారేమో. పసుపుకు గుణం లేదని నేననడం లేదు. రోజూ తడిచెయ్యి పెట్టే వంటింటి డబ్బాలోని పొడి, తెరిచి ఉన్న గాయానికి తగినంత శుభ్రమైనదని చెప్పలేం. అదే నా అభ్యంతరం.

సెగ్గడ్డ అయినా గోరుచుట్టు అయినా పిసికి చీము తీయకండి. అలా చేస్తే లోపల కట్టిన గోడ తెగి క్రిములు చుట్టూ పాకుతాయి. ముక్కు మీద, పైపెదవి మీద లేచే కురుపుల్ని అసలే గిల్లకూడదు. అక్కడి రక్తనాళాలకు తలలోపలి వాటితో సంబంధం ఉంది.

మందుల షాపులో అడిగి రెండు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి వేయకండి. చిన్న గాయాలు చాలావరకు వాటంతట అవే మానుతాయి. అవసరమైన వాళ్ళకు డాక్టరు తగిన మందు, తగినన్ని రోజులు రాస్తారు.

గస్తీవాణ్ణి నమ్ముకోకూడని గాయాలు

కొందరు శత్రువులు గస్తీని తప్పించుకుపోతారు. ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలో ఉంటుంది. గాలి తగలని లోతైన గాయంలో పెరిగి విషం పుట్టిస్తుంది. ఆ విషం నరాలకు ఎక్కుతుంది. గాయం పైకి చాలా చిన్నదిగా ఉన్నా ఇది రావచ్చు. ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవారికి కూడా అది మళ్ళీ రాకుండా రక్షణ కలగదు. టీకా ఒక్కటే దారి. అంచేత మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఆ టీకా వేయించుకున్నారో రాసి పెట్టుకోండి. గాయమైనప్పుడు డాక్టరుకు చెప్పండి.

కుక్క కరిస్తే ఎర్రబడలేదు, వాపు లేదు అని ఊరుకోకండి. రేబిస్ క్రిమి చడీచప్పుడు లేకుండా నరాల వెంట మెదడుకు ప్రయాణిస్తుంది. సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించాలి. కొన్ని కాట్లకు టీకాతోపాటు గాయంలో వేసే మందు కూడా అవసరమవుతుంది.

ఎప్పుడు పరుగెత్తాలి?

మామూలు గాయమైతే ఎరుపూ నొప్పీ రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. కింది గుర్తులు కనిపిస్తే మాత్రం గస్తీవాడు ఓడిపోతున్నాడని అర్థం. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

1. ఎరుపు పూటపూటకూ పైకి పాకడం. దాని అంచున పెన్నుతో గీత గీసి పెట్టుకుంటే సులభంగా తెలుస్తుంది.

2. గాయం నుంచి పైకి ఎర్రని చార పాకడం.

3. చలితో జ్వరం రావడం, మత్తుగా పడి ఉండడం, ఆయాసం, తికమకగా మాట్లాడడం.

4. పైకి కనిపించే గాయానికి మించిన విపరీతమైన నొప్పి.

5. చర్మం నల్లబడడం, బొబ్బలెక్కడం, దుర్వాసన.

డాక్టరు రక్తపరీక్ష చేయించవచ్చు. మామూలుగా పెద్దవారికి ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో తెల్లకణాలు 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. రిపోర్టులో అవి 15,000 అని, అందులో 'పాలిమార్ఫ్స్' ఎక్కువని ఉంటే నెత్తురు పాడైందని బెంగపడకండి. పాలిమార్ఫ్స్ అంటే మన న్యూట్రోఫిల్సే. మూలుగ అదనపు బలగాన్ని పంపిందని చాలా సందర్భాల్లో దాని అర్థం. ఇక దాని సంగతి డాక్టరు చూసుకుంటారు.

తాతగారి కాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం.

చక్కెర చాలా ఏళ్ళు అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. కబురు చెప్పవలసిన నొప్పి ఉండదు. కాళ్ళకు పోయే రక్తనాళాలు సన్నబడతాయి. ఎరుపు, వేడి తెచ్చే నెత్తురు సరిగా అందదు. నెత్తుట్లో చక్కెర మరీ ఎక్కువగా ఉన్నప్పుడు న్యూట్రోఫిల్స్ కూడా మందకొడిగా కదులుతాయి. క్రిములను చంపే శక్తి తగ్గుతుంది. అంటే ఈల లేదు, కర్ర లేదు, గస్తీవాడు తూగుతున్నాడు. దొంగలు మాత్రం లోపలే ఉన్నారు!

పిల్లవాడి పాదంలో కనిపిస్తున్నది జోరుగా సాగే పోరాటం. తాతగారి పాదంలో కనిపించే ప్రశాంతత, పోరాటం మొదలుకాకపోవడం వల్ల వచ్చినది కావచ్చు. ఇలాంటి 'నొప్పి లేని' పుళ్ళే లోలోపల ఎముక దాకా పాకి, చివరికి వేళ్ళు, ఒక్కోసారి కాలే తీసివేయవలసిన స్థితికి తెస్తాయి. అంచేత ముందుగా డాక్టరుకు చూపించవలసింది తాతగారి కాలు. అదీ అదే రోజు.

చక్కెర వ్యాధి ఉన్నవారు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకూడదు. బూట్లు తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోకూడదు. పిల్లవాడికి హాయినిచ్చిన వేడి కాపడం తాతగారికి పనికిరాదు. మొద్దుబారిన కాలికి వేడి తెలియదు, బొబ్బలెక్కుతుంది.

ఇంకా కొందరి ఒంట్లో కూడా గస్తీ బలహీనంగా ఉంటుంది. ఉబ్బసానికో, కీళ్ళ జబ్బుకో ఎక్కువకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడేవారిలో వాపూ జ్వరమూ అణిగిపోతాయి గాని క్రిములు అణగవు. అలాగని ఆ మాత్రలను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, అదీ ప్రమాదమే. కాన్సరుకు మందులు ఎక్కించుకుంటున్నవారిలో తెల్లకణాలు పడిపోతాయి. వారికి జ్వరం ఒక్కటే వచ్చినా, అర్ధరాత్రి అయినా సరే, ఆస్పత్రికి వెళ్ళాలి. "పొద్దున చూద్దాంలే" అనకూడదు.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక పని చేయండి. మీ ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారిని మంచం మీద కూర్చోబెట్టి, లైటు దగ్గరగా పెట్టి, అరికాళ్ళూ వేళ్ళ సందులూ ఒక్కసారి చూడండి. "నాకేం లేదమ్మా" అని ఆయన అంటూనే ఉంటారు. అననివ్వండి. మీరు మాత్రం చూడండి.